ఎన్ని తప్పులు చేయాలి

"అచ్చుగుద్దినట్టు అదే!" అంది మార్లా, కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పుతూ. "ఆగస్టులో డెబ్బై రెండు. ఇవాళ కూడా డెబ్బై రెండే. నీ బుర్రకేం కాలేదు నాయనా. డాక్టర్ చేత సంతకం పెట్టించేస్తాను. శనివారం దర్జాగా ఆడుకో."

ఎమెట్ లిండ్‌క్విస్ట్ నవ్వాడు. నవ్వవలసిన చోటు కాబట్టి నవ్వాడు. ఆటగాళ్ల దెబ్బలకు పట్టీలు వేసి, మందు పూసి, అడపాదడపా చీవాట్లు కూడా పెట్టే మార్లా కీన్ పదకొండేళ్లుగా ఆ గదిలోనే ఉంది. ఆమె ముఖంలో నిజమైన సంతోషం కనబడింది. ఆ సంతోషాన్ని చూడలేక అతను చూపు తిప్పుకున్నాడు.

ఆగస్టులో ఆ డెబ్బై రెండు అతను కావాలని తెచ్చుకున్నది. ఇవాళ్టి డెబ్బై రెండు కోసం మాత్రం చెమటలు కక్కుతూ కష్టపడ్డాడు. తెర మీద మాటలు వచ్చి పోతుంటే ఒక్కొక్కదాన్నీ పంటి కింద పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అయినా జారిపోయాయి. తనకున్న తెలివంతా ధారపోస్తే, మూడు నెలల కిందట వేషం కోసం వేసుకున్న మొద్దు బుర్ర ఒకటి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏంట్రా, ఇంకా కూర్చున్నావు? పో, పో. నా కుర్చీ నాకివ్వు," అంది మార్లా.

అతను లేచాడు. బయటికి వచ్చి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, తలుపు దాకా వెళ్లి, మళ్లీ దిగాడు.

ఆల్డర్‌ఫోర్డ్ ఊరి జనానికి తెలిసిన పనులు రెండే. శనివారం ఫుట్‌బాల్ చూడటం, మిగతా ఆరు రోజులూ ఆ శనివారం గురించి మాట్లాడుకోవడం. ఒహాయోలో ఇలాంటి ఊళ్లు కోకొల్లలు. కానీ జట్టుకు ఎత్తులు చెప్పి, బంతిని చేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా ఎమెట్ లాంటివాడు ఉన్న ఊరు తమదొక్కటేనని వాళ్ల గట్టి నమ్మకం. నలభై గజాల అవతల పరిగెడుతున్నవాడి చేతిలో బంతి పెట్టినట్టు పెడతాడు. గణితంలో నాలుగేళ్లుగా ఆ ఊరి కాలేజీ మొత్తానికి మొదటివాడు. వసంతం వచ్చేసరికి పెద్ద విశ్వవిద్యాలయాలు పరిశోధనకు రమ్మని పిలుస్తాయని ప్రొఫెసర్లు ఇప్పటి నుంచే మీసాలు మెలేస్తున్నారు. మంగలి షాపులో అతని ఫోటో ఉంది. కిరాణా కొట్టులో పెద్దావిడలు తమ మనవళ్లను అతని ముందు నిలబెట్టి, "ఈ అన్నయ్యలా ఉండాలి," అని చెబుతారు. చదువులోనూ ఆటలోనూ ముందున్నవాడికి ఆ చుట్టుపక్కల కాలేజీల లీగ్ వాళ్లు ఏటా ఒక పతకం ఇస్తారు. ఈ శనివారం కేన్‌బీ జట్టుతో జరిగే ఆఖరి ఆట మధ్యలో, ఊరందరి ముందూ, దాన్ని ఎమెట్ మెడలో వేయబోతున్నారు. ఇంతమంది ఒక కుర్రాణ్ణి నెత్తిన పెట్టుకుంటే వాడికి కిందికి దిగే దారి ఎక్కడుంటుందో ఎవరూ ఆలోచించరు.

కిందటి శనివారం ఆట ఆఖరి పావులో, నాలుగో క్వార్టర్‌లో దెబ్బ తగిలింది. బంతి విసిరేశాడు, చేయి ఇంకా గాల్లోనే ఉంది, పక్కనుంచి ఒకడు వచ్చి గుద్దాడు. నేలకు తల తగిలిన చప్పుడు హెల్మెట్ లోపల అతనికొక్కడికే వినబడింది. లేచి, తెల్ల చొక్కాల గుంపులోకి వెళ్లి నిలబడ్డాడు. తెల్ల చొక్కాలు అవతలి జట్టువి. వాళ్లలో ఒకడు, "సోదరా, నీ ఇల్లు అటు," అని భుజం పట్టి తిప్పాడు. అందరూ నవ్వారు. ఎమెట్ కూడా నవ్వాడు. మార్లా మాత్రం నవ్వలేదు. అతని హెల్మెట్ లాక్కుని తన చంకలో పెట్టుకుని ఆట అయ్యేదాకా ఇవ్వలేదు.

ఆ పరీక్ష సంగతి చెప్పాలి. సీజను మొదలవకముందు ఆటగాళ్లందరి చేతా ఒకసారి రాయిస్తారు. మాటలు, బొమ్మలు గుర్తుపెట్టుకోవాలి. రంగు మారగానే మీట నొక్కాలి. తలకు దెబ్బ తగిలితే మళ్లీ రాయిస్తారు. రెండూ సరిపోతే మైదానంలోకి, తగ్గితే బెంచీ మీదికి. మంచి ఏర్పాటే. కానీ ఆడాలన్న పిచ్చి పట్టినవాడి ముందు ఏ ఏర్పాటు నిలిచింది గనుక? ఆగస్టులోనే కాస్త మొద్దులా రాసేస్తే నవంబర్‌లో ఎంత మొద్దుబారినా ఎవరికీ తెలియదని ఆల్డర్‌ఫోర్డ్ సీనియర్లు ఏనాడో కనిపెట్టారు. ఏటా ఆగస్టు మొదటి ఆదివారం డాట్స్ హోటల్లో పాన్‌కేకుల మీద తేనెపాకం పోసుకుంటూ కొత్తవాళ్లకు ఈ ఉపదేశం చేస్తారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు నేలమాళిగ తవ్వుకోవడం. సుడిగాలి వస్తే ఇంట్లోవాళ్లు దిగి దాక్కోవడానికి ఉంటుందే, అలాంటిదన్నమాట.

ఈ ఏడు కొత్త పరీక్ష వచ్చింది. పాత మార్కులు చెల్లవన్నారు. పైగా ఎవరైనా మరీ అడ్డంగా తప్పులు చేస్తే కంప్యూటరే పట్టేస్తుందట. జట్టు మొత్తం కెప్టెన్ ముఖం చూసింది. కెప్టెన్ లెక్కల మొనగాడాయె. ఎమెట్ రెండు రోజులు కూర్చుని, ఏ భాగంలో ఎన్ని తప్పులు చేస్తే కంప్యూటర్‌కు అనుమానం రాదో లెక్క కట్టాడు. డాట్స్ హోటల్ కాగితపు రుమాలు మీద చిన్న పట్టిక గీసి చేతులు మారుస్తూ అందరికీ చూపించాడు. మూడిక్కడ, రెండక్కడ, ఈ భాగంలో మాత్రం తొందరపడొద్దు. ఎంత ముచ్చటపడ్డాడో ఆ రోజు! తన గణితం మొదటిసారి జట్టుకు అక్కరకొచ్చిందని పొంగిపోయాడు. దొంగలెక్క అని అతనికి తోచకపోలేదు. తోచింది, నవ్వొచ్చింది, అంతే.

"నీ నుంచి ఇంకా ఎక్కువ వస్తుందనుకున్నాను," అంది మార్లా ఆగస్టులో, అతని డెబ్బై రెండు చూసి. "సరిగా నిద్రపోలేదు," అన్నాడు. ఆమె నమ్మింది. అతను అబద్ధమాడతాడని అనుకోవడానికి ఆమెకు అప్పటిదాకా కారణం దొరకలేదు మరి.

మర్నాడు, బుధవారం మధ్యాహ్నం మైదానంలో కోచ్ గాల్విన్ అతని పక్కకు వచ్చి నిలబడ్డాడు. నోట్లో ఈల, తల మీద చలికాలం టోపీ.

"బుర్రెలా ఉందిరా?"

"బాగుంది కోచ్."

"బాగోకపోతే చెప్పు. దాచుకోవద్దు. మాకు ఆట కన్నా నువ్వే ముఖ్యం." ఊపిరి తీసుకోకుండానే, "బాగుందిగా?" అన్నాడు.

"బాగుంది."

"అదీ! వెళ్లు, ఆ కేన్‌బీ వాళ్ల పని పడదాం."

చేతులు బాగానే ఉన్నాయి. బంతి చేతిలోంచి సుడి తిరుగుతూ వెళ్లి చేరవలసినచోట చేరుతూనే ఉంది. చేతులకు తెలిసినది అవి మరిచిపోలేదు. కానీ ఇదివరకు ఎదుటి జట్టు పదకొండు మందినీ ఒక్క చూపులో చదివేసేవాడు, తెలిసిన వాక్యాన్ని చదివినట్టు. ఇప్పుడు ఒక్కొక్కణ్ణీ విడివిడిగా చూడవలసి వస్తోంది. ఏడోవాడి దగ్గరికి వచ్చేసరికి మొదటివాడు ఎక్కడున్నాడో మరిచిపోతున్నాడు. మబ్బు పట్టిన రోజు, అయినా వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోంది.

జట్టు గుండ్రంగా చుట్టుముట్టి వంగింది. ఎమెట్ చెప్పవలసిన ఎత్తు సగం చెప్పాడు. రెండో సగం రాలేదు. పది హెల్మెట్లు అతని వైపు తిరిగి ఎదురుచూశాయి.

"...కుడి ముప్పై నాలుగు, రెండో కేక మీద," అని పూర్తి చేసింది పక్కనుంచి ఒక బొంగురు గొంతు. అది ఓటిస్ బ్రాంట్లీ. జట్టుకు సెంటర్. ముందు వరసలో వంగి, కాళ్ల సందులోంచి బంతిని ఎమెట్ చేతుల్లో పెట్టేవాడు. నాలుగేళ్లుగా ఇద్దరిదీ ఒకే గది. నూట ముప్పై కిలోల మనిషి, నవ్వితే అద్దాలు అదురుతాయి.

విడిపోతున్నప్పుడు ఓటిస్ మోచేత్తో పొడిచాడు. "ఏంట్రా ప్రొఫెసరూ, మరిచిపోవడం నా శాఖ కదా? నువ్వెప్పుడు చేరావు?"

చుట్టుపక్కలవాళ్లు ఘొల్లుమన్నారు. నెల రోజులుగా జట్టులో ఓటిస్ పేరు చిల్లుల బకెట్. ఎంత పోసినా నిలవదని. ఆ పేరు పెట్టింది ఎమెట్.

ఆ సాయంత్రం అతనికి కాలు ఒకచోట నిలవలేదు. కాలు కాలిన పిల్లిలా ఊరంతా తిరిగాడు. నీళ్ల ట్యాంకు దాకా వెళ్లాడు, ధాన్యం గోదాముల దాకా వెళ్లాడు, రైలు పట్టాలు దాటి మళ్లీ వెనక్కి దాటాడు. అమ్మకు ఫోన్ చేశాడు. రోండా లిండ్‌క్విస్ట్ రెండు గంటల దూరంలోని ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది.

"ఏంట్రా ఈ వేళప్పుడు? తిన్నావా?"

"తిన్నానమ్మా."

"శనివారం ఆ నీలం కోటు వేసుకుని రానా, కొత్తది కొనుక్కోనా? పతకం వేసేటప్పుడు నీ పక్కన నిలబడాలట. పేపరువాళ్లు ఫోటో తీస్తారట. మా డిపోలో అందరికీ చెప్పేశాను."

"నీలం కోటు బాగుంటుంది."

"నీ గొంతేంటి అలా ఉంది?"

"గాలిగా ఉందమ్మా ఇక్కడ," అని పెట్టేశాడు. గాలి లేదు.

గురువారం మధ్యాహ్నం లైబ్రరీలో ఓటిస్‌కు కాలిక్యులస్ చెప్పవలసి ఉంది. మర్నాడే ఓటిస్‌కు పరీక్ష. అది తప్పితే మే నెలలో పట్టా లేదు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు, వెలుతురు పడకుండా. ఎమెట్ లెక్క చదివాడు. తొట్టిలోకి నీళ్లు ఇంత వేగంతో వస్తున్నాయి, ఇంత వేగంతో పోతున్నాయి, ఎంతసేపటికి ఎంత ఎత్తున ఉంటాయి. ఇలాంటివి పదో తరగతిలో పళ్లు తోముకుంటూ చేశాడు. మళ్లీ చదివాడు. చివరికి వచ్చేసరికి మొదలు మాయమైంది. వచ్చే వేగం ఎంత? మూడోసారి వేలు పెట్టి చదివాడు. పెన్సిలు తీసుకుని ఒక వరస రాశాడు.

"అక్కడ మైనస్ కదా?" అన్నాడు ఓటిస్.

"ఏది?"

"అదే. పోయే నీళ్లకి మైనస్ పెట్టాలని మొన్న సోమవారం నా నెత్తి మీద మొట్టి మరీ చెప్పావు."

ఎమెట్ చూశాడు. నిజమే, మైనస్. కొట్టేసి మళ్లీ రాశాడు.

ఓటిస్ అతన్నే చూస్తున్నాడు. ఆ పెద్ద ముఖంలో వెటకారం లేదు. గొంతు తగ్గించి అడిగాడు. "చివరికి వచ్చేసరికి మొదలు పోతోందా?"

ఎమెట్ పెన్సిలు కింద పెట్టాడు.

"నాకూ అంతే. అలవాటైపోతుందిలే. నేనైతే ఒక్కో ముక్కా కాగితం మీద రాసి పెట్టుకుంటాను. గది తాళం ఎక్కడ పెట్టానో అది కూడా."

"ఎప్పటి నుంచి?"

"మార్లిన్స్‌బర్గ్ ఆట నుంచి. అక్టోబర్‌లో. వాడెవడో నా చెవి మీద మోకాలితో పొడిచాడే, గుర్తుందా?" అని, తనలో తనే నవ్వుకున్నాడు. "నీకెక్కడ గుర్తుంటుందిలే ఇప్పుడు."

"పరీక్ష రాశావుగా?"

"రాశాను, పాసయ్యాను. మార్లా కావలించుకుంది కూడా. నీ రుమాలు పుణ్యమే రా ప్రొఫెసరూ! లేకపోతే నాలుగు ఆటలు బెంచీ మీదే కూర్చునేవాణ్ణి."

ఎమెట్ మనసులో వెనక్కి లెక్కపెట్టాడు. అక్టోబర్. చిల్లుల బకెట్ అని పేరు పెట్టిన నెల. చెప్పిందే మళ్లీ చెప్పించుకుంటున్నాడని పుస్తకం బల్ల మీద పడేసి, "నీ తలకాయలో ఏముందిరా, చిప్స్ ఖాళీ సంచా?" అని పదిమందిలో అన్న నెల. తను పెట్టిన పేరుకు ఓటిస్ కూడా అందరితో కలిసి నవ్వాడు. ఆ తర్వాత నాలుగు శనివారాలు ఆ తలతోనే ముందు వరసలో వంగి, ప్రతిసారీ ఎదుటివాడి తలను గుద్దుకుంటూ, వెనకనున్న ఎమెట్ మీద ఈగ వాలనివ్వలేదు.

"పద, మార్లా దగ్గరికి వెళ్దాం," అన్నాడు ఎమెట్.

"ఎందుకు?"

"నిజం చెబుదాం. ఇద్దరం."

"పిచ్చా? రేపు పరీక్షరా నాకు. లెక్క చెప్పు ముందు," అన్నాడు ఓటిస్. ఆ లెక్క ఇద్దరికీ రాలేదు.

శుక్రవారం ఉదయం గణితం బిల్డింగు బయట ఎమెట్ గంటన్నర సేపు పచార్లు చేశాడు. పోయినవాడు పోయినట్టే మళ్లీ వస్తుంటే తోటమాలి, "ఏమైనా పారేసుకున్నావా బాబూ?" అని అడిగాడు. ఓటిస్ బయటికి వచ్చాడు. ముఖం చూస్తేనే తెలుస్తోంది. సగం కాగితం తెల్లగా ఇచ్చి వచ్చాడు.

"ఇప్పుడైనా పద."

"ఒరేయ్, వదలవా నన్ను?"

"నీకు బాగోలేదురా."

"నీకు బాగుందా? నీది నువ్వు చెప్పుకో. నీకేం, ఫుట్‌బాల్ పోతే గణితం ఉంది. గణితం పోతే ఫుట్‌బాల్ ఉంది. నాకు రేపొక్కటే ఉంది. మా అమ్మమ్మ టొలీడో నుంచి మూడు బస్సులు మారి వస్తోంది. డెబ్బై తొమ్మిదేళ్లు. నేను ఆడగా ఒక్కసారి కూడా చూడలేదు. సీనియర్లను పేరు పేరునా పిలుస్తారు చూడు, అప్పుడు నా చేయి పట్టుకుని మైదానం నడవాలని చెప్పులు కూడా కొనుక్కుంది."

"ఇంకో దెబ్బ తగిలితే?"

"నీ రుమాలు ఇచ్చిన రోజున ఏమైంది ఈ ప్రేమంతా?" అన్నాడు ఓటిస్. గట్టిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. "నా పేరు ఎత్తావంటే, ఎమెట్, మన మధ్య అయిపోయినట్టే. చెబుతున్నాను." నాలుగేళ్లలో ఓటిస్ అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

అతను వెళ్లిపోయాడు. ఎమెట్ మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. భయం వేసింది. పతకం పోతుందని కొంత, అమ్మ నీలం కోటు గుర్తొచ్చి కొంత. అన్నిటికన్నా, ఆ తొట్టి లెక్క ఇక ఎప్పటికీ రాదేమోనని. అంతకన్నా పెద్ద భయం ఒకటి ఉంది, దాన్ని తిన్నగా చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. రేపు తన చేతుల్లో బంతి పెట్టి తల ఎత్తే లోపల ఓటిస్‌కు ఏదైనా అయితే, ఆ తప్పును ఏ పట్టికలో వేసుకోవాలి?

ఎమెట్ వెళ్లేసరికి మార్లా ఎవరి చీలమండకో పట్టీ చుడుతోంది. అతని ముఖం చూసి పట్టీ తొందరగా ముగించి, ఆ కుర్రాణ్ణి పంపేసి, తలుపు వేసింది.

"ఆ డెబ్బై రెండు అబద్ధం," అన్నాడు ఎమెట్, నిలబడే. "ఆగస్టుది. కావాలని తప్పులు చేశాను. మంగళవారంది నిజం. అంతకన్నా రాలేదు నాకు. శాయశక్తులా ప్రయత్నించాను."

మార్లా కంప్యూటర్ తెర వైపు ఒకసారి చూసింది. ఆమె ముఖంలో కోపం కోసం చూశాడు. ఇంకా రాలేదు.

"నీ ఒక్కడిదేనా?"

అడుగుతుందని తెలుసు. తెలిసే వచ్చాడు. అయినా కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"అందరిదీ. ఎన్ని తప్పులు చేయాలో లెక్క కట్టి ఇచ్చింది నేనే."

"ఓటిస్‌ది?"

ఎమెట్ నేల చూశాడు. "ముందు వాణ్ణి చూడండి. నాకన్నా ముందు వాణ్ణి."

మార్లా కుర్చీలో కూలబడింది. "అక్టోబర్‌లో వాడి కాగితం మీద సంతకం పెట్టించింది నేనేరా," అంది. "వాడికి తలుపు తీసి పంపించాను. వెళ్లి ఆడుకోమన్నాను." అప్పుడు వచ్చింది కోపం. లేచి, "నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా? ఇంత తెలివి పెట్టుకుని ఏం చేసుకుంటావురా?" అని అరిచింది. తర్వాత కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

రెండు గంటలకల్లా జట్టు మొత్తాన్ని పిలిపించారు. ఈ సీజన్లో తలకు దెబ్బ తగిలినవాళ్లను డాక్టర్ స్వయంగా చూశాడు. మిగతావాళ్లందరి చేతా మళ్లీ పరీక్ష రాయించారు, ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని. చివరికి ఇద్దరిని, ఎమెట్‌నూ ఓటిస్‌నూ, ఆపేశారు. ఓటిస్‌ను ఈ ఆటకే కాదు, ఇక ఏ ఆటకూ వద్దన్నాడు డాక్టర్. కోచ్ గాల్విన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాలుగేళ్లు! నాలుగేళ్లు నిన్ను చూపించి ఇళ్లిళ్లూ తిరిగి పిల్లల్ని తెచ్చుకున్నాను. మా దగ్గర చదువూ ఉంది, ఆటా ఉంది, నిజాయితీ ఉందని చెప్పుకున్నాను. ఆటకు ఒక రోజు ముందా నీకు నిజాయితీ పుట్టుకొచ్చేది?"

కాలేజీ డీన్ నుంచి రెండే వాక్యాల ఉత్తరం వచ్చింది. పతకం విషయం నిలిపి ఉంచామని ఒకటి, సోమవారం విచారణకు రమ్మని ఒకటి. అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాడు. అటు వైపు బస్సు ఇంజను ఆగిపోయిన చప్పుడు వినబడింది. "సరే," అంది రోండా. కాసేపయ్యాక, "నేను వస్తాను. ఆ కోటే వేసుకుని వస్తాను," అంది. ఓటిస్ తన దుప్పటీ, దిండూ చంకన పెట్టుకుని ఎవరి గదికో వెళ్లిపోయాడు.

శనివారం ఎండ కాసింది. సీనియర్లను పేరు పేరునా పిలిచారు. ఎమెట్ పేరుకు చప్పట్లు సగంలో ఆగాయి. ఓటిస్ అమ్మమ్మ కొత్త చెప్పులతో, మనవడి మోచేయి పట్టుకుని, తలెత్తుకుని నడిచింది. తన చీలమండ బెణికిందని ఓటిస్ ఆమెకు చెప్పాడట. తర్వాత ఆమె రోండా పక్కనే కూర్చుని, దుప్పటి కప్పుకుని, ఓటిస్ లేచినప్పుడల్లా చేయి ఊపింది, వాడు ఏదో గొప్ప పని చేసినట్టు.

మామూలు జీన్సు, పైన జట్టు చొక్కా వేసుకుని ఎమెట్, ఓటిస్ ఇద్దరూ మైదానం గీతకు ఇవతల ఉండిపోయారు. ఓటిస్ బెంచీ ఆ చివర కూర్చున్నాడు. ఎమెట్ కూర్చోలేకపోయాడు. ఇరవై గజాలు అటు, ఇరవై గజాలు ఇటు నడుస్తూనే ఉన్నాడు. ఆట నడిచేకొద్దీ చేతులు వాటంతటవే లేస్తున్నాయి, దించుకుంటున్నాడు. అతని బదులు ఆడుతున్న కోల్బీ బంతిని రెండుసార్లు శత్రువుల చేతుల్లో పెట్టాడు. గ్యాలరీలోంచి ఎవడో, "ఏం ప్రొఫెసరూ, తల నొప్పెడుతోందా? మాత్ర పంపమంటావా?" అని అరిచాడు. ఇంకొకడు ఇంకాస్త ముతక మాట అన్నాడు. అన్నవాళ్లలో మంగలి షాపు ఆసామీ ఉన్నాడు. రోండా లేచి నిలబడి అటు తిరిగి చూసింది. ముప్పై ఏళ్లు స్కూలు పిల్లల్ని బస్సు అద్దంలోంచి అణచిన చూపు. కాస్త తగ్గారు.

మూడో క్వార్టర్ మధ్యలో, ఎమెట్ నడుస్తూ బెంచీ చివరికి వచ్చినప్పుడు, ఓటిస్ మైదానం మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"స్కోరెంత?"

నిన్నటి నుంచి వాడు తనతో అన్న మొదటి మాట. ఎమెట్‌కు ప్రాణం లేచొచ్చింది. "పద్నాలుగు, మూడు. మనది మూడు."

ఓటిస్ తలాడించాడు. ఎమెట్ మళ్లీ నడవసాగాడు. కేన్‌బీ వాళ్లు ముందుకు సాగలేక బంతి తన్నేశారు. మనవాళ్లు మూడు ప్రయత్నాలు చేసి తిరిగి తన్నేశారు. స్కోరు కదల్లేదు. ఎమెట్ మళ్లీ ఆ చివరికి వచ్చాడు.

"స్కోరెంత?" అన్నాడు ఓటిస్. అదే గొంతు, అదే చూపు. ఇందాక అడిగానన్న ఊహ కూడా ఆ ముఖంలో లేదు.

ఎమెట్ నడక ఆపేశాడు. ఇందాకే చెప్పానురా అనకూడదు. ఆ మాట ఈ నెల రోజుల్లో వందసార్లు అన్నాడు. కొత్తగా అడిగినట్టే కొత్తగా చెబుదామని నోరు తెరిచాడు.

"పద్నాలుగు..."

రెండోది రాలేదు. వెతికాడు. అక్కడే ఉండాలి, ఇప్పుడే ఉంది. నోరు తెరుచుకునే ఉంది, అంకె లేదు. తల తిప్పి, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, మైదానం అవతలి బోర్డు మీద అక్షరాలు నేర్చుకుంటున్నవాడిలా చదివి, ఓటిస్ వైపు తిరిగాడు.

"మూడు," అన్నాడు.

ఓటిస్ ఇప్పుడు మైదానం చూడటం లేదు. అతని ముఖమే చూస్తున్నాడు. ఎంతసేపో అలాగే చూసి, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు.

"నడిచింది చాలు, కూర్చోరా," అన్నాడు.

ఎమెట్ కూర్చున్నాడు.